పొడ పట్టిన గోడకు ఎస్టిమేటు

సమాయిల్
జనవరి 15

ఖమరుద్దీన్ భాయ్‌కి, నీ పాత రూమ్మేట్ మేస్త్రీ సంజీవ్ వందనాలు.

వాయిస్ మెసేజ్ పంపితే సగంల ఆపేస్తవని తెలుసు. మూడేళ్లు ఒకే రూమ్‌ల పండుకొని నా ప్రసంగాలు విన్నోడివి, నిన్ను తప్పుపట్టను. నువ్వే అంటివి కదా, "కాగితం మీద రాసి మా షాపు బండి డ్రైవర్ హసన్ చేతికియ్యప్పా, వారం వారం మత్రా నుంచి మీ సమాయిల్ ఊరికి వస్తాడు, తీరిగ్గా చదువుకుంటా" అని. ఇగ చదువు.

ఇక్కడ ఖర్జూర తోటల్లో, ఫలజ్ కాలువ పక్కన, రెండంతస్తుల పాత మట్టి ఇల్లొకటుంది. యజమానురాలు జువైనా టీచర్. ముప్పై ఏళ్లు బడిపిల్లలకు భూగోళం చెప్పి పోయినేడు రిటైరైంది. తండ్రి కట్టిన ఇంట్లనే ఉంటనని ఆమె పట్టు. తమ్ముళ్లిద్దరు మాత్రం బుల్డోజర్ పెట్టి పడగొట్టి, ఆ జాగల ఆరు దుకాణాలు కడదామంటరు. తకరారు తేలక చివరికొక ఒప్పందానికొచ్చిన్రు. ఆమె దగ్గర ఆరు వేల రియాళ్లున్నయి. ఆ డబ్బుల్లోనే ఇల్లు బాగవుతదని కాగితం మీద చూపిస్తే ఇల్లు నిలబడతది. చూపలేకపోతే దుకాణాలే. గడువు రంజాన్ పండుగ దాకా.

ఆ కాగితం రాసే పని మా కంపెనీ అర్బాబ్ నాకప్పజెప్పిండు. ఒమన్‌ల పదకొండేళ్ల నుంచి ఇంకొకడు గీసిన గీత మీద రాయి పెట్టినోన్ని. ఇప్పుడు గీత నన్నే గీయమన్నరు!

గోపురం కట్టాలనుకున్నోడు ముందు కూర్చొని, పూర్తి చేసే తాహతు తనకుందా అని లెక్క చూసుకోవాలె. లేకుంటే పునాదికాడ ఆగిపోయి నలుగురిల నగుబాటైతడని లూకా పద్నాలుగో అధ్యాయంల ప్రభువు చెప్పనే చెప్పిండు. మన రూమ్‌లల్ల ఎంతమంది వినలేదు ఈ మాట! స్లాబుకాడ ఆగిన ఇండ్లు ఎన్ని లేవు మా జిల్లాల! నేను కూర్చున్న భాయ్. ఒక్క సాయంత్రంల, టీ చల్లారకముందే తేల్చిన. గోడలకు పూసే సిమెంటు గిలాబు పదకొండు వందలు, కప్పు పదమూడు వందలు, కరెంటు ఆరు వందలు, బాత్రూమూ నీళ్ల పైపులూ ఎనిమిది వందల యాభై, తలుపులు కిటికీలు ఏడు వందలు, రంగులు మూడు వందలు. మొత్తం నాలుగు వేల ఎనిమిది వందల యాభై. టీచరమ్మకు ఇంకా మిగులుతది!

మీ షాపు ధరలతో ఒకసారి సరిచూసి పంపు. తప్పులు దొరకవులే.

నీ
సంజీవ్


మత్రా
జనవరి 22

తమ్ముడు సంజీవ్‌కు మీ భాయ్ సలాం.

జాబు అందింది. టీ చల్లారకముందే తేల్చినావా? మీ గోపురం మాటలో కూర్చొని లెక్క చూసుకోమని ఉండాది కదా, ఎంతసేపు కూర్చోవాలో రాయలేదా యాడా?

ఇరవై రెండేళ్లుగా ఈ హార్డ్‌వేర్ షాపు కౌంటర్ వెనక నిలబడి చూస్తాండా. ఎస్టిమేటు కాగితం చేతబట్టుకొని నవ్వుతా వచ్చినోడు, నెల తిరిగేలోగా అదే కాగితం వెనకపక్క ఇంకో లెక్క గీకి, మొగం వేలాడేసుకొని వస్తాడు. నువ్వు ఆ వెనకపక్కది ముందే రాయి.

పాత గిలాబు పగలగొడితే వచ్చే మల్బా ఎవరు మోస్తారు? ఆ తోటల సందులోకి లారీ పోదు. చిన్న బండ్లు కావాల, వాటికి ట్రిప్పుకింత. నీళ్లు ట్యాంకర్‌వా, కాలువవా? కాలువ నీళ్లకు ఊళ్లో వంతులుంటాయి, నీ ఇష్టమొచ్చినట్టు తోడుకుంటే తంతారు. బలదియా మున్సిపల్ ఆఫీసులో పర్మిషన్ కాగితానికి ఏమన్నా పెట్టినావా? తలుపులకు నువ్వేసిన ధర రెండేళ్ల కిందటిది. ఇవన్నీ ఒక ఎత్తు. పాత ఇంటికి ఎంతోకొంత చేతిలో ఉంచుకోకుండా లెక్క ముగించినావే, నీ గుండె ధైర్యానికి మెచ్చుకోవాల!

ఇంకొకటి అడుగుతా, కోపం చేసుకోవద్దు. నువ్వు కొలిచిన గోడలు కంటికి కనపడే గోడలేనా, బీరువాల వెనకవి కూడానా? ఆ ఇల్లు కాలువకు ఎంత దూరం? ఏ పక్కనుంచి కాలువ పోతుంది? గుర్తు పెట్టి రాయి, తెలుసుకోవాలని ఉంది.

ఖమరుద్దీన్


సమాయిల్
ఫిబ్రవరి 5

భాయ్‌కి వందనాలు.

మొట్టికాయ బాగనే తగిలింది. మళ్ల కూర్చున్న. ఈసారి టీ చల్లారింది, రొట్టె ఎండింది. చిన్న బండ్లు, ట్యాంకర్, బలదియా కాగితం, తలుపుల కొత్త ధర, అన్నీ కలిపితే ఐదు వందల ఇరవై పెరిగింది. ఐదు వేల మూడు వందల డెబ్బై. చేతిలో ఉంచుకోవాల్సింది ఎంత అని ఆలోచిస్తే జవాబు వాక్యంలనే దొరికింది: దశమభాగం! పంటల పదో వంతు దేవునిది. ఎస్టిమేటుల పదో వంతు కూడా మనది కాదనుకోవాలె, ముట్టొద్దు. ఐదు వందల ముప్పై ఏడు పక్కన పెట్టిన. మొత్తం ఐదు వేల తొమ్మిది వందల ఏడు. ఆరు వేలకు తొంభై మూడు రియాళ్లు తక్కువ. జువైనా టీచర్ ఆ కాగితాన్ని పరీక్ష పేపర్ లెక్క మూడుసార్లు దిద్ది, "షాబాష్ సంజీవ్" అన్నది. ఆమె మొగంల సంతోషం చూస్తే నేనే సొలొమోను మందిరం కట్టినట్టు అనిపించింది.

ఇల్లు కాలువకు పది అడుగులు కూడ లేదు. తూర్పు గోడ కాలువ పక్కనే. ఆ గోడ సంగతే రాయాలె.

కింది గదిల తూర్పు గోడకు మోకాలెత్తు మరకలు. కొన్ని పచ్చగ, కొన్ని ఎర్రగ, అంచుకు తెల్లగ ఉప్పు పూసి. లేవీయకాండం పద్నాలుగుల ఉన్నది ఉన్నట్టు! ఇంటి గోడకు పచ్చటివో ఎర్రటివో చారలు పడి లోపలికి దిగితే, యాజకుడు వచ్చేలోగా ఇల్లంతా ఖాళీ చేయాలె, ఏడు దినాలు తలుపు మూయాలె, మళ్ల వచ్చి చూడాలె, కుష్ఠు పొడ పాకితే ఆ గిలాబు గీకి ఊరి బయట పారబొయ్యాలె. ఇన్నేండ్లు ఆ అధ్యాయం దాటేసి చదివిన. గోడకు రోగమేంది అనుకున్న! ఇప్పుడు కండ్ల ముందున్నది.

ఇంకో వింత చెప్త. టీచరమ్మ ఏటేటా చలికాలంల ఆ మరక ఎంతెత్తుకు పాకిందో పెన్సిల్‌తో గీత గీసి ఏడాది రాసింది. తొమ్మిది గీతలు. "పిల్లలకు కొండలు, లోయలు కొలవడం నేర్పిన, ఇది కొలవకుండ ఎట్లుంటా" అని నవ్వింది.

ఎవడు భాయ్ ఆ మేస్త్రీ? సముద్రపు ఉప్పిసుక కలిపిన దొంగ! కూలి తీసుకొని గోడకు కుష్ఠు అంటించిపోయిండు. ప్రవక్తలు తిట్టిన మోసపు గోడ ఇదే. పైకి సున్నం, లోపల కుళ్లు. వాడెక్కడున్నా వాని చేతులు ఎండాలె! రేపే గది ఖాళీ చేయిస్తున్న. పెచ్చొకటి కొట్టి హసన్ చేతికిచ్చిన. ఏముందో చూసి చెప్పు.

సంజీవ్


మత్రా
ఫిబ్రవరి 12

తమ్ముడూ,

పెచ్చు చూసినా. నాలుక మీద పెట్టుకోని కూడా చూసినా, హసన్ నన్ను పిచ్చోన్ని చూసినట్టు చూసినాడు. ఇది ఉప్పిసుక కాదు. కడిగిన ఇసుకే. సిమెంటు కూడా మంచిదే, పాళ్లు మంచివే. సుత్తితో నాలుగు దెబ్బలేస్తే గానీ పగల్లేదు.

గట్టిగా ఉండటమే దాని తప్పు.

మట్టి గోడ కాలువకు ఆనుకొని ఉంటే తడి పీలుస్తుంది, ఎండకు వదిలేస్తుంది. ఆ ఇల్లు కట్టినోళ్లకు అది తెలుసు, మట్టి మీద మట్టే పూసినారు. దాని మీద సిమెంటు అంగరకా తొడిగితే తడి బయటికి యాడ పోతుంది? పైకి పాకుతుంది. ఒక ముసలి ఒమానీ మా కౌంటర్ కాడ ఈ మాట ఎన్నడో చెప్పినాడు. కాబట్టి గీకాల్సింది మరకను కాదప్పా, అన్ని గోడల సిమెంటునూ. నీ లెక్కలో పదకొండు వందలు పెట్టి మళ్లా సిమెంటే పూయబోతివి, జ్ఞాపకముందా?

లెక్క మారుతుంది. ఎంతో నువ్వే చెప్పాల.

ఆ మేస్త్రీని మరీ అంత శపించొద్దు. చేతులు ఎండాలనే మాట వెనక్కి తీసుకో. మనకు తెలియదు కదా ఎవరో.

ఖమరుద్దీన్


సమాయిల్
ఫిబ్రవరి 26

భాయ్,

ఉత్తరం అందింది. ఎస్టిమేటుల మార్పు లేదు. ఐదు వేల తొమ్మిది వందల ఏడు. తమ్ముళ్లకు చూపించే రోజు దగ్గరికొస్తుంది, ఇప్పుడు కదిలిస్తే టీచరమ్మ ఆగమైతది.

సిమెంటు యాభై బస్తాల ధర రాసి పంపు.

సంజీవ్


మత్రా
మార్చి 5

తమ్ముడూ,

నీ జాబు ఇటు తిప్పి అటు తిప్పి చూసినా. ఒక్క వాక్యం లేదు. లూకా లేడు, లేవీ లేడు, సొలొమోను లేడు. ఇన్నేళ్లలో నువ్వు చెప్పుల కొట్టు చీటీ రాసినా అడుగున ఒక అధ్యాయం నంబరు ఉండేది. జ్వరమా అనుకున్నా. హసన్‌ను అడిగితే, "ఆయన బాగానే ఉండాడు, కానీ నా మొగం చూడకుండా కాగితం ఇచ్చినాడు" అన్నాడు.

బీరువా జరిపినావో లేదో కూడా రాయలేదు.

నేను ఉపవాసంలో ఉండా, ఈ నెలలో మనసులో ఒకటి పెట్టుకోని బయటికి ఇంకొకటి రాయబుద్ధి కాదు. కాబట్టి నేనే ముందు చెప్తా. తొమ్మిదేళ్ల కింద పెద్ద వాన పడి వాదీ వాగు పొంగింది కదా. ఆ తర్వాత మీ కంపెనీ గ్యాంగు సమాయిల్‌లో రోజుకో ఇంటికి గిలాబు చేసుకుంటా పోయింది. ఫలజ్ పక్క తోటల్లో రెండంతస్తుల మిద్దెకు ముప్పై ఆరు బస్తాలు మా షాపునుంచే పోయినాయి. బండికెత్తించింది నేనే. నువ్వు ఈ కౌంటర్ ముందు నిలబడి, "మట్టి గోడ చూస్తే మా ఇంటి పేదరికం యాదికొస్తది భాయ్, దీన్ని రాయి చేసి పోత" అంటివి. నేను నీ భుజం తట్టి పంపితి. ఆ ముసలి ఒమానీ మాట అప్పటికే విని ఉండా. విని కూడా అమ్మినా.

కాలువ ఏ పక్కనుంచి పోతుందని నిన్ను అడిగింది అందుకే. నువ్వు ఆ మేస్త్రీని తిడతా ఉంటే నోరు మూసుకున్నా. నీకే గుర్తొస్తుందిలే అనుకున్నా. గుర్తొచ్చిందని నీ చిన్న జాబే చెప్పింది.

యాభై బస్తాల ధర అడిగితివి. నేను రాయను. వేరే షాపులో అడుగు.

ఖమరుద్దీన్


సమాయిల్
మార్చి 25

భాయ్‌కి,

ఇరవై రోజులు నీ ఉత్తరం జేబుల పెట్టుకొని తిరిగిన. ఇప్పుడు అంతా రాస్త.

బీరువా జరిపిన రోజే చూసిన. అప్పట్ల గ్యాంగు బస్సు తోట వెనకనుంచి పోయేది, ముందటి గేటు లేదు, అందుకే ఇల్లు ఆనవాలు పట్టలే. గోడ మాత్రం నన్ను ఆనవాలు పట్టింది. నాకొక అలవాటుంది, నీకు కూడ ఎన్నడూ చెప్పలేదు. ఏ గోడకు గిలాబు చేసినా, ఆరకముందు కింద మూలకు మేకుతో ఒక వాక్యం నంబరు గీకి పెడత. ఎవరూ చూడరు, దేవుడు చూస్తడని. బీరువా వెనక ఉన్నది, తెలుగుల: "మత్తయి 7:24, స." బుద్ధిమంతుడు బండ మీద ఇల్లు కట్టుకున్న మాట అది! దాని మీదికెల్లి పచ్చ మరక పాకింది. గొర్రెపిల్లను గుంజుకున్నోని కథ విని దావీదు రాజు పండ్లు కొరికితే, ఆ దోషివి నువ్వేనని ప్రవక్త వేలు చూపెట్టిండు కదా. నాకు ఏ ప్రవక్తా రాలేదు. నా రాతే వేలు చూపెట్టింది. వాని చేతులు ఎండాలని నీకు రాసిన ఉత్తరం యాదికొచ్చి, చేతులు రెండూ చూసుకున్న.

బీరువా మళ్ల గోడకు జరిపిన. దాచుడు కాదా అది? అవును. నిజం లెక్క కట్టితే ఆరు వేలు దాటుతది, ఇల్లు కూలుతది. కట్టకపోతే ఇల్లుంటది, నాలుగేండ్లకు తానే కూలుతది. టీచరమ్మ కోసమే దాస్తున్ననని నాకు నేనే ప్రసంగం చెప్పుకున్న. నా ప్రసంగం నాకే రుచించలే.

పోయిన శనివారం ఆమెను పిలిచి బీరువా జరిపిన. "ఏం రాసుంది, చదువు" అన్నది. చదివిన. "అర్థం?" అన్నది. చెప్పిన. "ఎవరు రాసిండ్రు?" అన్నది. చెప్పిన. ఆమె తిట్టలే భాయ్. మొదటి పెన్సిల్ గీత మీద వేలు పెట్టి, "నువ్వు పోయిన తర్వాతి చలికాలం ఇది. నాకు తొమ్మిదేండ్ల నుంచి కారణం తెలియలే" అన్నది. గెలిచినట్టు కాదు, కొత్త దేశం పేరు విన్న పిల్ల లెక్క. తర్వాత అన్నది: "తప్పు ఒప్పుకున్నోనికి నేను మార్కులెయ్య. కానీ బోర్డు దగ్గరికి వాన్నే పిలుస్త. మళ్ల లెక్క చెయ్."

చేసినం, ఇద్దరం కూర్చొని. సిమెంటంతా గీకుడు, గోడలు ఆరే దాకా ఆగుడు, మట్టీ గడ్డీ కలిపి పూసుడు, పదహారు వందల ఎనభై ఎక్కువ. ఏడు వేల యాభై. పాత ఇంటికి ఒక దశమభాగం చాలదని ఇప్పుడు తెలిసింది, రెండు పెట్టిన. ఎనిమిది వేల నాలుగు వందల అరవై. ఆమె ఆ అంకె కింద గీత గీసి, "ఇది ఇంటి ధర. ఇప్పుడు నా దగ్గరున్నదానికి ఎంత ఇల్లు వస్తదో చూద్దాం" అన్నది. పై అంతస్తు తాళమేసి, కింది మూడు గదులే ముందు చేస్తే, రెండు దశమభాగాలతో కలిపి నాలుగు వేల తొమ్మిది వందల ఎనభై. పైది తర్వాత.

నిన్న ఇఫ్తార్ అయినంక తమ్ముళ్లకు చూపించినం. పెద్దతను కాగితం చూసి నవ్విండు. "ఒప్పందం మొత్తం ఇంటికి, సగానికి కాదు. అసలు గోడలు పాడు చేసిందెవరు?" అన్నడు. "అనా," అన్న. నేనే. ఆయన అక్క దిక్కు చూసిండు: "మళ్ల ఇతనికే పని ఇస్తవా?" ఆమె అన్నది, "ముగ్గురు కాంట్రాక్టర్లను అడిగిన. ఇల్లు ఖాళీ చేసి చూసింది ఇతనొక్కడే."

చాలసేపు మాట్లాడుకొని ఆయన ఒక షరతు పెట్టిండు. తూర్పు గోడ ఒక్కటి, జీతం లేకుండ, నా సెలవు దినాల్ల, సిమెంటంతా ఒలిచి చూపించాలె. లోపలి మట్టి గట్టిగుంటే సగం లెక్క ఒప్పుకుంటడు, దుకాణాల మాట ఎత్తడు. మట్టి చేతిల రాలితే బుల్డోజర్ వస్తది. గడువు మే మొదటి వారం.

లోపల ఎట్లున్నదో నాకు తెలియదు భాయ్. తొమ్మిదేండ్ల తడి.

సంజీవ్


మత్రా
మార్చి 27

తమ్ముడూ,

సిమెంటు గీకేటప్పుడు ఉలి ఏటవాలుగా పెట్టు, నిట్టనిలువుగా కొడితే లోపలి మట్టి కూడా వస్తుంది. మిషన్ వాడొద్దు, అదిరిపోతుంది.

పండుగయినాక మొదటి శుక్రవారం జుమా నమాజు సమాయిల్‌లోనే చేసుకుంటా. హసన్ బండిలో వస్తాండా. నాకు యాభై ఎనిమిదేళ్లు, పైన కొట్టలేను, మోకాలి కిందిది నాకు వదిలిపెట్టు. ముప్పై ఆరు బస్తాలు ఎత్తించినోన్ని, దించడానికి ఒక చెయ్యి ఉండొద్దా?

నన్ను కూర్చోబెట్టి ప్రసంగం వద్దు. పని చేస్తా చెప్పు, వింటా.

ఖమరుద్దీన్


సమాయిల్
మే 7

భాయ్‌కి వందనాలు.

నీ నడుం ఎట్లున్నది? రెండు శుక్రవారాలు వచ్చి కూర్చొని కొట్టినవు, మూడో వారం లేవలేకపోయినవని హసన్ చెప్పిండు. తైలం రాయించుకో. నువ్వు పోయినంక నేనొక్కన్నే చేసిన. గుడ్ ఫ్రైడే నాడు తప్ప ఆరాధనకు రువీ చర్చికి పోలేదు. నా బదులు మా సంఘపు ఓంకార్ వాక్యం చెప్పిండట, పావుగంటల ముగించిండని అందరూ సంతోషపడ్డరట!

నా మేకు రాత ఉన్న పెచ్చు మూడో వారం ఊడింది. మల్బా సంచిల ఏసిన. ఉంచుకోవాలని అనిపించలే.

పోయిన శుక్రవారం చివరి పెచ్చు తీసిన. కింద మోకాలెత్తు దాకా మట్టి మెత్తగనే ఉండె. దానిపైన గట్టిగున్నది. తలుపులు తెరిచి పెట్టి నాలుగు రోజులాగినం. ఈ ఎండకు మెత్తటిది కూడ బిగిసింది. రాలలే భాయ్. గోరుతో గీకితే గీతపడ్డది అంతే.

నిన్న పెద్ద తమ్ముడొచ్చిండు. కారు తాళంచెవితోని పొడిచి చూసిండు. ఇంకొకచోట పొడిచిండు. ఏదో కనపడి ఆగిండు. సిమెంటు కింద పాత మట్టి గిలాబు మీద నాలుగు వేళ్ల జాడలు, అడ్డంగ, గోడ పొడుగూత. కర్నీ లేని రోజుల్ల చేత్తోనే పూసిండ్రు కదా. జువైనా టీచర్ "బాబా" అన్నది. ఆయన తన నాలుగు వేళ్లు ఆ జాడల్ల పెట్టి మెల్లగ జరుపుకుంటా మూల దాకా పోయిండు. మళ్ల తిరిగి వచ్చిండు. "మా నాయిన వేళ్లు ఇంత సన్ననివా" అని అక్కను అడిగిండు. ఆమె "అప్పుడు ఆయనకు ఇరవై రెండేండ్లు" అన్నది.

కింది గదుల కాగితం మీద సంతకం పెట్టిండు. బయటికి పోబోయి, మెట్లకాడ ఆగి, పైకి చూసి నన్ను అడిగిండు: "మీద గదుల్ల కూడ ఇట్లనే ఉంటదా? దానికెంతయితది?"

జనవరిల అడిగి ఉంటే టీ తాగే లోపల చెప్పేటోన్ని. ఎనిమిది వేల నాలుగు వందల అరవైల పై అంతస్తుకు నేను రాసిన అంకె నోటిదాకా వచ్చింది కూడ. "తెలియదు అర్బాబ్," అన్న. "ఆ అంకె నేను కింద నిలబడి రాసిన. గదులు ఖాళీ చేసి చూస్తే గానీ చెప్పలేను."

షరతు పెట్టిననాడు తన దగ్గరుంచుకున్న పై అంతస్తు తాళంచెవిని ఆయన జేబులకెల్లి తీసి నా చేతిల పెట్టి, తానే ముందు మెట్లెక్కిండు.

సంజీవ్